కార్బన్ మ్యాపులో మన యూరియా బస్తా ఎక్కడ?

పై వీడియోలో ఎప్పటిలాగే జీవామృతం కలపడం చూపించాను. కింద మాత్రం వేరే సంగతి రాస్తున్నా, కాస్త ఓపిక పట్టి చదవండి.

ఏ ప్రాంతం ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతోందో చూపించే మ్యాపులు ఉన్నాయి. యూరోపియన్ కమిషన్ వాళ్ల ఎడ్గార్ అందులో ఒకటి. భూమినంతా సుమారు 11 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి లెక్క కడుతుంది. ఇలాంటి లెక్కలో రామగుండం పొగ రామగుండం గడిలోనే పడుతుంది, 2600 మెగావాట్ల ఎన్టీపీసీ బొగ్గు కేంద్రం అక్కడుంది కాబట్టి. ఆ కరెంటులో వాటా తీసుకుని సికింద్రాబాద్‌లో ఫ్యాను తిప్పుకునే నేను మాత్రం శుభ్రంగా కనిపిస్తాను! సరే, ఆ గొడవ ఇంకోసారి.

నా అసలు అభ్యంతరం యూరియా దగ్గర. ఫ్యాక్టరీలో అమ్మోనియాకి కార్బన్ డయాక్సైడ్ కలిపే యూరియా చేస్తారు. తడి నేలలో పడ్డాక అది విడిపోయి ఆ వాయువు బయటికొస్తుంది. 45 కిలోల బస్తాకి 33 కిలోలు! తయారీకి కాల్చిన గ్యాసు, పొలంలోంచి లేచే నైట్రస్ ఆక్సైడ్ వేరే.

ఇది మ్యాపులోకి ఎలా ఎక్కుతుంది? ఎక్కువగా మొత్తం లెక్క తీసుకుని సాగుభూమి మీద పంచేస్తారు. బస్తాల మీద బస్తాలు చల్లినాయనకీ, ఐదేళ్లుగా గుళిక కూడా ముట్టని మీకూ ఒకటే రంగు. ఉపగ్రహం చూస్తుంది కదా అంటారా? 2014లో నాసా పంపిన ఓసీఓ-2 గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కొలుస్తుంది గానీ, మీ రెండెకరాల్ని విడిగా పట్టుకోలేదు.

అసలు లెక్క ఎరువుల కొట్టులో ఉంది. 2018 నుంచి దేశమంతా సబ్సిడీ బస్తాలు పాస్ మెషీన్ ద్వారానే అమ్ముతున్నారు. కాబట్టి ఎక్కడ ఎన్ని బస్తాలు పోయాయో సర్కారుకి తెలుసు. రైతుల పేర్లు అక్కర్లేదు, మండలం మొత్తం చెప్తే చాలు. దాన్ని మ్యాపు మీద వేసి ఏటా జనం ముందు పెట్టమంటాను. ఇక్కడ కొన్న బస్తా పక్క మండలంలో చల్లొచ్చు, నిజమే. అయినా సగటు కంటే నయం.

మనమూ గొప్పలు పోవద్దు. నీళ్లు నిలగట్టి వరి వేస్తే, జీవామృతం పోసినా మీథేన్ వస్తుంది. ఆవు నుంచీ వస్తుంది. అవీ లెక్కలో ఉండాల్సిందే.

రేపు కార్బన్ క్రెడిట్లంటూ ఎవరైనా ఊళ్లోకొస్తే, మీరు మానేసిన బస్తాలకి రుజువు అడుగుతారు. పాత ఎరువుల బిల్లులు పారెయ్యకండి. ఏ పంటకి ఎన్ని తగ్గించారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆ పట్టిక ఎలా గీసుకోవాలో వచ్చే వీడియోలో చూపిస్తాను.