గోపాల్‌పూర్ రేవు, కుంతలకుమారి కలం

దేశంకాని దేశంలో బతికిన కళాకారిణుల మాట వస్తే మన వ్యాసాలన్నీ పారిస్ వైపే చూస్తాయి. 1929లో బొమ్మలు నేర్చుకోవడానికి అక్కడికి వెళ్ళిన అమృతా షేర్‌గిల్ గురించి తెలుగులోనూ రాసుకున్నాం. రాసుకోవలసిందే. కానీ గంజాం జిల్లాకు చాలాకాలం విదేశమంటే రంగూన్, మనవాళ్ళ నోట ‘రంగం’. మన బరంపురానికి దగ్గరి రేవు గోపాల్‌పూర్‌లో ఓడెక్కి తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ వేలమంది బర్మా వెళ్ళారు. ఆ రోజుల్ని తలుచుకుంటే కూలీలే గుర్తొస్తారు. ఆధునిక ఒడియా కవిత్వంలో పెద్ద పేరు తెచ్చుకున్న ఒక స్త్రీ బాల్యం కూడా బర్మాలోనే గడిచిందని మనలో ఎందరికి తెలుసు?

కుంతలకుమారి సాబత్ 1901లో బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో ఒక ఒడియా క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. తండ్రి డాక్టరు. ఆయన ఉద్యోగం వల్ల చిన్నతనం బర్మాలో గడిచింది. తర్వాత తల్లితో ఖుర్దాకు, అక్కణ్ణుంచి చదువుకు కటక్‌కు వచ్చింది. 1921లో కటక్ మెడికల్ స్కూల్లో డాక్టరీ పూర్తిచేసింది. మరుసటి ఏడే తొలి కవితా సంపుటి ‘అంజలి’ వచ్చింది. 1927లో ‘స్ఫులింగ’. 1928లో ఢిల్లీ వెళ్ళి అక్కడే వైద్యం చేస్తూ, 1938లో అక్కడే కన్నుమూసింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏడేళ్ళు. పుట్టిందీ పోయిందీ ఒరిస్సా బయటే. ఆమెకు దక్కిన బిరుదు మాత్రం ‘ఉత్కళ భారతి’.

ఆమె చేతిలో వైద్యవృత్తి లేకపోతే కలం ఎన్నాళ్ళు నిలిచేదో అనిపిస్తుంది. తన సంపాదన తనకుంది కాబట్టే రాయడానికి ఇంట్లో ఎవరి అనుమతీ అడగనక్కర్లేకపోయి ఉంటుంది. షేర్‌గిల్‌కు కన్నవారి కలిమి అండ. ఈమె రోగుల్ని చూసి, మిగిలిన వేళల్లో కవితలూ ‘కాళీ బోహూ’, ‘రఘు అరక్షిత’ వంటి నవలలూ రాసింది. ఢిల్లీలో హిందీలోనూ రాసింది. అక్కడ ఒడియాలో ఒక పద్యం రాసి వెంటనే ఎవరికైనా వినిపించాలంటే ఎంతమంది దొరికి ఉంటారు? పరాయి ఊరు ఆమెకు స్వేచ్ఛనిచ్చింది, వినేవాళ్ళని దూరం చేసింది. ఈ బాధ బరంపురం తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాలా? 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి ఒరిస్సాలో కలిసింది. గడప దాటకుండానే మన అమ్మమ్మలు మరో రాష్ట్రం మనుషులయ్యారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయింది.

ఆ అమ్మమ్మల్లోనూ కళాకారిణులున్నారు. రంగం పోయిన మగవాళ్ళ కోసం దంపుళ్ళ దగ్గరా, ఊడ్పుల్లోనూ పాటలు కట్టిన వాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక, అడవుల వెంట నడిచి ఇల్లు చేరిన వాళ్ళతో కూడా కొన్ని పాటలు వచ్చే ఉంటాయి. రంగం ప్రయాణాల చరిత్రలో మనం ఓడలూ కూలి రేట్లూ లెక్కపెట్టాం. పాటని పట్టించుకోలేదు. ఇది మన సాహిత్య లోకం చేసిన అన్యాయం.

ఒడియా చదవగలిగిన తెలుగువాళ్ళు ఇన్ని ఇళ్ళల్లో ఉన్న ఊరు మనది. కుంతలకుమారిని తెలుగులోకి తేవడానికి ఇంతకన్నా తగిన చోటు ఏముంది? వచ్చే సంచిక నుంచి ఆమె కవితల అనువాదాలకూ, రంగం పాటలకూ పేజీలు కేటాయిస్తున్నాం. ఇంట్లో పెద్దవాళ్ళ చేత పాడించుకుని రాసి పంపండి. వరస మారినా, చరణం మరిచిపోయినా ఫరవాలేదు. ఆ పాట ఏ ఊరిదో, కట్టినావిడ పేరేమిటో తెలిస్తే తప్పకుండా రాయండి. ఆ పేరు పాటకన్నా పైన అచ్చువేస్తాం.