తుక్కు తూచే ముందు

పురావస్తు పరిశోధన అంటే శాసనాలు, గుళ్లే అనుకుంటాం. మూతబడ్డ మిల్లు కూడా తవ్వి చూడవలసిన చోటేనని మేమంటాం. 1973లో అమెరికాలోని టూసాన్‌లో విలియం రాత్జె అనే పండితుడు ఇళ్ల చెత్తను ఏరించి లెక్కగట్టించాడు. తాగిన బీరు గురించి జనం చెప్పిందొకటి, చెత్తబుట్ట చెప్పింది మరొకటి! యాజమాన్యం లెడ్జర్లూ అంతే.

మిల్లు నేల మాత్రం దాచదు. మగ్గాల బోల్టు గుర్తుల మధ్య జాగా కొలిస్తే పనిచేసిన మనిషికి ఎంత చోటిచ్చారో తెలుస్తుంది. ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా, మంచినీళ్ల కుళాయి ఎంత దూరం? ఇవి ఏ రిజిస్టరులో రాశారు గనుక?

1936 జూలై 30న పుదుచ్చేరిలో సమ్మె చేస్తున్న మిల్లు కార్మికులపై ఫ్రెంచి సర్కారు కాల్పులు జరిపించింది. 12 మంది అమరులయ్యారు. మరుసటి ఏడాదే ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. మన యానాం కూడా అప్పుడు ఆ సర్కారు కిందే. అక్కడి ఎ.ఎఫ్.టి. మిల్లు 2020లో మూతబడింది.

మిగిలిన యంత్రాలు, షెడ్లు తుక్కు కింద పోకముందే కొలతలు, ఫొటోలు తీయించాలి. పాత కార్మికులను పక్కన నిలబెట్టి, ఏ మగ్గం మీద ఎవరు పనిచేశారో రాయించాలి. పుదుచ్చేరి ప్రభుత్వాన్ని మేం అడుగుతున్నదిదే. సోదరులారా, మీ ట్రంకు పెట్టెల్లో పాత టోకెన్లు, హాజరు కార్డులు ఉంటే పారేయకండి. యూనియన్ ఆఫీసుకు తెచ్చి చూపించండి.