పాత జీపుకి రంగు తర్వాత, ముందు బ్రేకు చూడండి

మన పల్లెల్లో పాత జీపులు ఇంకా కొన్ని ఇళ్లల్లో ఉన్నాయి. తాత కొన్నది, నాన్న నడిపింది, అమ్మబుద్ధి కాక ఉంచుకున్నది. ఈమధ్య వాటికి రంగులేయించి, సీట్లు కుట్టించి, పండక్కి బయటికి తీస్తున్నారు. సంతోషమే. కానీ బ్రేకు మాటెత్తితే రెండే జవాబులు వస్తాయి. "కంపెనీ ఎట్లా ఇచ్చిందో అట్లాగే ఉండాలి" అని ఒకరు, "డ్రమ్ములు పీకేసి డిస్కులు పెట్టించు" అని ఇంకొకరు.

నా అభిప్రాయం ఈ రెండూ కాదు. చాసిస్ కోయకుండా, వెల్డింగ్ పెట్టకుండా, బోల్టులతో అయ్యే పనితోనే పాత జీపుకి నమ్మకమైన బ్రేకు వస్తుంది.

సీజే 3బీ సంగతే తీసుకోండి. విల్లీస్ 1953లో తెచ్చిన మోడల్, మన దగ్గర మహీంద్రా చాలా ఏళ్లు తయారు చేసింది. నాలుగు చక్రాలకీ 9 అంగుళాల డ్రమ్ములు. మట్టి బాటలకి, మెల్లటి నడకకి సరిపోయాయి. ఇప్పుడదే జీపుని నాలుగు లైన్ల రోడ్డు మీద 80లో తోలుతున్నాం. వేగం 40 నుంచి 80కి పోతే బ్రేకు మింగాల్సిన శక్తి రెట్టింపు కాదండీ, నాలుగు రెట్లు.

మొదటి పని, ఉన్న బ్రేకుని పూర్తి బలానికి తేవడం. డ్రమ్ము అండాకారంగా అరిగిందేమో కొలిపించండి. పరిమితి దాటి అరిగితే మళ్లీ కోయించకుండా మార్చేయండి. కొత్త లైనింగ్ డ్రమ్ము వంపుకి పూర్తిగా ఆనాలి. అంచులే తగిలితే సగం బ్రేకే. పాత లైనింగులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ముని గాలితో ఊదకుండా తడిపి తుడవమనండి. రబ్బరు గొట్టాలు పైకి బాగానే కనిపిస్తాయి గానీ లోపల ఉబ్బి దారి మూసుకుంటాయి. ఏళ్లు గడిచినవి అన్నీ మార్చేయండి.

బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ లెక్క 140కి పడిపోతుంది. డాట్ 4కి అవే 230, 155. రెండేళ్లకోసారి మార్చుకుంటే మంచిది. తగ్గింది కదా అని ఇంజిన్ ఆయిల్ మాత్రం పోయకండి, రబ్బరు వాషర్లు ఉబ్బి చెడిపోతాయి.

రెండో పని నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం. పాత జీపుల్లో మాస్టర్ సిలిండర్ ఒకే లైనుది. ఎక్కడో ఒక చక్రం దగ్గర లీకైతే నాలుగు చక్రాలకీ బ్రేకు పోయినట్టే. హ్యాండ్‌బ్రేకు ఉంది కదా అంటారేమో. అది గేరు వెనక ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉండే ఒక చిన్న డ్రమ్ము. ఆగి ఉన్న బండిని పట్టుకోవడానికే గానీ, వేగంలో ఆపడానికి కాదు. అందుకే ముందుకి ఒక లైను, వెనక్కి ఒక లైను ఉండే డబుల్ మాస్టర్ సిలిండర్ పెట్టించండి. ఒకటి పోయినా రెండోది ఆపుతుంది. అమెరికాలో కార్లకి 1968 నుంచే ఇది తప్పనిసరి. ఉన్న రంధ్రాలకే బిగిసే బ్రాకెట్ చేయిస్తే చాలు. సిలిండర్ లోపలి కొలత మాత్రం చూసుకోండి. పెద్దదైతే పెడల్ గట్టిపడుతుంది, చిన్నదైతే లోతుకి దిగుతుంది.

మూడోది, తర్వాతి జీపులకి వచ్చిన 11 అంగుళాల డ్రమ్ములు. ప్లేటుతో సహా సెట్టుగా బోల్టుల మీద మార్చుకోవచ్చు. ముందు చక్రాలకి వేయకుండా వెనక్కే వేయకండి. ఆపేటప్పుడు బరువు ముందుకి వస్తుంది, వెనక చక్రాలు ముందే పట్టేస్తే బండి తిరిగిపోతుంది.

మరి డిస్కులు ఎందుకు వద్దంటున్నాను? చెడ్డవని కాదు. డ్రమ్ములో షూ తిరిగే డ్రమ్ముతో పాటు తనే ఇంకా బిగుసుకుంటుంది, డిస్కుకి ఆ గుణం లేదు. కాలి బలం ఎక్కువ కావాలి, బూస్టర్ కావాలి, మాస్టర్ సిలిండర్ మారాలి, రిమ్ముల్లో పట్టాలి. ఒకటి పెట్టి మిగతావి వదిలేస్తే పాత బ్రేకుకంటే అధ్వాన్నం.

అసలుతనం పోతుందనే వాళ్లకి ఒక మాట. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండిలో చాసిస్, బాడీ, ఇంజిన్ మార్పుల గురించే ప్రత్యేకంగా చెబుతాయి. తీసిన పాత సామాన్లు గోతాంలో కట్టి అటక మీద పెట్టండి. కావాలంటే రేపు మళ్లీ బిగించుకోవచ్చు. మనిషిని అట్లా బిగించలేం కదా.

పని అయ్యాక ఖాళీ బాటలో 30 వేగంలో తొక్కి చూడండి. ఒక పక్కకి లాగితే ఆ బ్రేకులు మళ్లీ విప్పించాల్సిందే. కాలవ నీళ్లల్లో దిగి వస్తే, రోడ్డెక్కే ముందు పెడల్ మెల్లగా నొక్కుతూ కొంత దూరం పోనిచ్చి డ్రమ్ములు ఆరబెట్టండి.

సంక్రాంతికి ఆ వెనక బెంచీల మీద ఎక్కేది మన పిల్లలే. వాళ్లకి బెల్టులుండవు, పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉంటుంది. వాళ్లు ఎక్కే ముందే ఈ పని చేయించండి. రంగు ఇంకో ఏడాది ఆగినా ఏమీ కాదు.