సరళరేఖ అబద్ధం.. పొద్దుటి మాత్ర నిజం!

పోయిన నెల ఒక ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. తిన్నావా, ఏం కూర, పనిమనిషి వస్తోందా లాంటి రోజువారీ ప్రశ్నలన్నీ అయిపోయాక గొంతు తగ్గించింది.

"ఏరా, ఆ మాత్రలు ఇంకా వేసుకుంటున్నావా? ఎప్పుడు మానేస్తావ్?"

'ఆ మాత్రలు' అంతే. మా ఇంట్లో యాంగ్జైటీకి ఇంకా పేరు పెట్టలేదు. 'ఆ టెన్షను', 'నీకున్న అదీ' అంటారు. పేరు పలికితే వీధి చివరిదాకా వినపడిపోతుందని భయం. "ఈసారి డాక్టర్‌ని అడుగుతాలే అమ్మా" అని తప్పించుకుని, ఫోన్ పెట్టేసి, ఇయర్‌ఫోన్స్ తగిలించుకున్నా. గిటార్లు గట్టిగా మోగాయి. ఈ వారం ముచ్చట ఆ గిటార్ల గురించే.

బ్యాండ్ పేరు ద బెత్స్. ఊరు న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్. పాటలు రాసేదీ, పాడేదీ ఎలిజబెత్ స్టోక్స్. ఆ ఎలిజబెత్‌లోని 'బెత్' నుంచే బ్యాండ్ పేరొచ్చింది. లీడ్ గిటార్ జొనథన్ పియర్స్, రికార్డింగ్ బాధ్యత కూడా ఆయనదే. బేస్ బెంజమిన్ సింక్లెయిర్, డ్రమ్స్ ట్రిస్టన్ డెక్. స్టోక్స్ పుట్టింది ఇండోనేషియాలోని జకార్తాలో. చిన్నప్పుడే ఆక్లాండ్ వచ్చేసింది. యూనివర్సిటీలో చదివింది జాజ్ సంగీతం. బ్యాండ్ నిలదొక్కుకునే దాకా పిల్లలకి ట్రంపెట్ నేర్పే ఉద్యోగం చేసుకుంది. అంటే మనలాగే, నెల జీతం మీద బతికిన మనిషే.

వీళ్లు చేసే సంగీతాన్ని పవర్ పాప్ అంటారు. ఆ మాటని 1967లో ద హూ బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ వాడాడు. ఫార్ములా సింపుల్. బీటిల్స్ పాటల్లా నోట్లో నానే ట్యూన్, దాని వెనకాల రాక్ బ్యాండ్ అంత గట్టి గిటార్లు, పైన నలుగురూ కలిసి పాడే కోరస్. చాలావరకు మూడు, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. బైక్ మీద వెళ్తూ వింటే (వినకండి, చలాన్ పడుద్ది) తెలీకుండానే స్పీడ్ పెరిగే టైపు.

కానీ ద బెత్స్ దగ్గర ఒక తిరకాసు ఉంది. ట్యూన్ వింటే ఎవరిదో పుట్టినరోజు పార్టీ అనిపిస్తుంది. మాటలు వింటే మాత్రం, రాత్రి రెండింటికి సీలింగ్ ఫ్యాన్ చూస్తూ "పొద్దున మీటింగ్‌లో నేను అలా ఎందుకన్నాను?" అని నలిగిపోయే మనిషి కనిపిస్తుంది. మన సినిమాల్లో బాధ పాటంటే ముందే సిగ్నల్ ఇచ్చేస్తారు. ఫ్లూట్, వాన, స్లో మోషన్. ఏడవడానికి టైమ్ ఇస్తారన్నమాట. వీళ్లు ఆ టైమ్ ఇవ్వరు. గుండె దడని అలాగే డ్రమ్స్‌లో పెట్టేస్తారు. యాంగ్జైటీ వచ్చినవాళ్లకి తెలుసు, అసలు విషయం అలాగే ఉంటుంది. బయట నవ్వుతూ "యా, డన్ బై ఈఓడీ" అంటుంటాం, లోపల డ్రమ్స్ మోగుతుంటాయి.

2018లో వచ్చిన మొదటి ఆల్బమ్ పేరే 'ఫ్యూచర్ మీ హేట్స్ మీ'. ఇప్పుడు నేను చేసే పనికి రేపటి నేను నన్ను తిట్టుకుంటుంది అనే భయం. టైటిల్ పాటలో ఆ భయం ప్రేమలో పడటం గురించి. కోడ్ రాసేవాళ్లెవరికైనా ఈ టైటిల్ వెంటనే ఎక్కుతుంది. ఆరు నెలల కింద నేనే రాసిన ఫంక్షన్ తెరిచి "ఏ వెధవ రాశాడ్రా ఇది" అనుకున్న రోజులు నాకు బోలెడు. 2020లో 'జంప్ రోప్ గేజర్స్', 2022లో 'ఎక్స్‌పర్ట్ ఇన్ ఎ డయింగ్ ఫీల్డ్' వచ్చాయి. ఆ మూడోదాంట్లో నాకిష్టమైన పాట 'నీస్ డీప్'. చల్లటి నీళ్లలోకి అందరూ దూకేస్తుంటే, మోకాళ్ల లోతులో ఆగిపోయే మనిషి పాట. వీడియోలో మాత్రం బ్యాండ్ వాళ్లు ఆక్లాండ్ హార్బర్ బ్రిడ్జి మీంచి బంగీ జంప్ చేస్తారు. ధైర్యం లేదని పాడుతూనే దూకుతారు! నాకు ఈ వైరుధ్యం భలే నచ్చింది. దూకినంత మాత్రాన భయం పోయినట్టు కాదు, భయం ఉన్నంత మాత్రాన దూకకూడదనీ లేదు.

ఇక్కడ నా కథ కాస్త చెప్పుకోవాలి.

రెండేళ్ల కింద ఒక రిలీజ్ రాత్రి. టైమ్ ఒకటిన్నర. డిప్లాయ్ బటన్ నొక్కాను. అంతా గ్రీన్. అప్పుడు మొదలైంది. చేతులు వణుకు, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువు, ఊపిరి అందట్లేదు. హార్ట్ ఎటాకే అనుకున్నా. రూమ్మేట్ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఈసీజీ నార్మల్. డ్యూటీ డాక్టర్ నన్ను కూర్చోబెట్టి, ఇది పానిక్ ఎటాక్‌లా ఉంది, సైకియాట్రిస్ట్‌ని కలవండి అని నిదానంగా చెప్పాడు. ఇంట్లో మాత్రం "గ్యాస్ ట్రబుల్" అన్నాను.

సైకియాట్రిస్ట్ దగ్గరికెళ్లాను. మందులు, కౌన్సెలింగ్ మొదలుపెట్టారు. ఎనిమిది నెలలు. నిద్ర పట్టింది, ఆకలి వేసింది, జోకులకి నవ్వొచ్చింది. ఇంకేముంది, బగ్ ఫిక్స్ అయింది, టికెట్ క్లోజ్ చేసేద్దాం అనుకున్నా. డాక్టర్‌ని అడక్కుండా మాత్రలు మానేశా. ఆరు వారాలు తిరక్కుండానే, పొద్దుటి స్టాండప్ కాల్‌లో నా వంతు వచ్చినప్పుడు నోట్లోంచి మాట రాలేదు. కెమెరా ఆఫ్ చేసి, బాత్రూమ్‌లో నేల మీద కూర్చున్నా.

నిజం చెప్పాలంటే దడ కన్నా ఎక్కువ బాధపెట్టింది సిగ్గు. బాగైపోయినవాడు మళ్లీ మొదటికొచ్చాడే అన్న సిగ్గు. నా బుర్రలో ఒక గ్రాఫ్ ఉండేది. కింద నుంచి పైకి ఒకటే గీత. అది కిందికి వంగేసరికి నేనే ఫెయిల్ అయ్యాననుకున్నా. మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి మూడు వారాలు పట్టింది. తిడతారనుకున్నా, తిట్టలేదు. "చాలామంది ఇలాగే చేస్తారు" అని మళ్లీ రాసిచ్చారు.

ఆ తర్వాత, 2025 ఆగస్టులో ద బెత్స్ నాలుగో ఆల్బమ్ వచ్చింది. పేరు 'స్ట్రెయిట్ లైన్ వాజ్ ఎ లై'. సరళరేఖ అబద్ధం! పేరు చూసి ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయా.

దాని వెనక కథ ఇదీ. మూడో ఆల్బమ్ తర్వాత స్టోక్స్ ఆరోగ్యం దెబ్బతింది. గ్రేవ్స్ డిసీజ్ అని తేలింది. అంటే శరీరం తన థైరాయిడ్ గ్రంథి మీద తానే దాడి చేసి, దాన్ని అతిగా పనిచేయించే జబ్బు. మానసిక ఆరోగ్యం కోసం ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులూ వాడటం మొదలుపెట్టింది. డిప్రెషన్, యాంగ్జైటీలకి డాక్టర్లు రాసే మందుల్లో ఇదో రకం. మందు పనిచేసింది. కానీ పాటలు రావడం కష్టమైంది. ఎప్పుడూ గుండె దడని ముడిసరుకుగా వాడుకున్న మనిషికి, ఆ దడ తగ్గితే ఏం రాయాలి? పాత టైప్‌రైటర్ ఒకటి ముందేసుకుని, రోజూ నోటికొచ్చింది పేజీల కొద్దీ కొట్టింది. అందులోంచే ఈ ఆల్బమ్ పాటలు పుట్టాయి. దేనిమీదా సంతోషం పుట్టని స్థితి మీద 'నో జాయ్' ఉంది. తమాషా ఏంటంటే, ట్యూన్ మాత్రం గంతులేయిస్తుంది. శరీరం అనే యంత్రం గురించి 'మెటల్' ఉంది. తల్లితో తన బంధం మీద 'మదర్, ప్రే ఫర్ మీ' ఉంది. అది మాత్రం గిటార్ల హోరు లేని పాట. రాత్రిళ్లు వినకపోవడం మంచిది, ఇంటికి ఫోన్ చేయాలనిపిస్తుంది.

ఆల్బమ్ గురించి మాట్లాడుతూ స్టోక్స్ చెప్పిన సంగతి ఒకటుంది. జీవితం ముందుకే వెళ్లే గీత అనుకోవడం భ్రమ, అసలు జీవితమంటే మెయింటెనెన్స్ అని ఆమె ఉద్దేశం.

మెయింటెనెన్స్! నాకు జీతం ఇచ్చేదే దానికి. ఏ సాఫ్ట్‌వేరూ 'అయిపోయింది' అని ఉండదు. లాంచ్ రోజు కేక్ కోస్తాం, మర్నాటి నుంచి ప్యాచ్‌లు, అప్‌డేట్‌లు, రాత్రిపూట అలర్ట్‌లు. అలర్ట్ వచ్చిందని సర్వర్‌ని ఎవడూ అసహ్యించుకోడు. లేచి, చూసి, సరిచేసి, మళ్లీ పడుకుంటాడు. మరి నా సంగతికొచ్చేసరికి మాత్రం ఒక్క అలర్ట్‌కే నన్ను నేను బోనులో ఎందుకు నిలబెట్టుకున్నాను? సెల్ఫ్ యాక్సెప్టెన్స్ అంటే అద్దం ముందు నిలబడి "ఐ లవ్ మైసెల్ఫ్" అనుకోవడమని రీల్స్ చెప్తాయి. నాకైతే ఇప్పుడు అది పొద్దున టిఫిన్ తర్వాత ఒక మాత్ర, నీళ్లు, నెలకోసారి డాక్టర్ అపాయింట్‌మెంట్. రేపు డాక్టర్ డోసు తగ్గించొచ్చు, పూర్తిగా ఆపేయనూ వచ్చు. ఆ మాట చెప్పాల్సింది ఆమే. ఆరు వారాల్లో తీర్పు చెప్పేసే నేను కాదు.

సరే, అమ్మ దగ్గరికి వద్దాం. మళ్లీ ఆదివారం నేనే ఫోన్ చేశా.

"అమ్మా, నీ థైరాయిడ్ మాత్ర ఎప్పుడు మానేస్తున్నావ్?"

"అదేంట్రా? ఎందుకు మానేస్తాను? మానేస్తే మళ్లీ నీరసం, ఒళ్లు బరువు. పదిహేనేళ్ల నుంచీ వేసుకుంటున్నాగా."

"మరి నాన్న బీపీ మాత్రో?"

"ఆయనకేం, మర్చిపోతే నేను ఊరుకుంటానా..."

అని ఆగిపోయింది. అవతల కుక్కర్ విజిల్ వినపడింది, రెండు సార్లు. నేనూ ఏం మాట్లాడలేదు.

"నాది పరగడుపునే వేసుకోవాలి, ఆరింటికి" అంది చివరికి. "నీదెప్పుడు?"

"టిఫిన్ తిన్నాక. తొమ్మిదింటికి."

"సరే. తొమ్మిదింటికి మిస్డ్ కాల్ ఇస్తాలే. నీకసలే మతిమరుపు."

ఇప్పటికీ ఆ పేరు పలకలేదు. కానీ రోజూ తొమ్మిదింటికి ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోతుంది. స్టాండప్ కాల్ మధ్యలో అయినా సరే.

ద బెత్స్‌ని కొత్తగా వినేవాళ్లు 'ఫ్యూచర్ మీ హేట్స్ మీ'తో మొదలెట్టి, 'నీస్ డీప్' మీదుగా 'మెటల్' దాకా రండి. వింటూ వింటూ "ఇది నా గురించే" అనిపించి గుండె బరువెక్కితే, పాటలతో సరిపెట్టుకోకండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబర్ 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే మందులు వాడుతుంటే, డాక్టర్‌ని అడక్కుండా నాలా హీరోయిజం చూపించకండి.

వచ్చే వారం కలుద్దాం. తొమ్మిదయింది, ఫోన్ మోగుతోంది.