బల్లమీద ఎగిరే విమానం



"మా అబ్బాయి కాలేజీనుండి రాగానే కంప్యూటర్ ముందు కూర్చొని విమానం నడుపుచున్నాడు అయ్యగారూ, ఇది ఆటా, చదువా?" అని కొందరు తల్లిదండ్రులు మమ్మును అడుగుచున్నారు. ఒక్క మాటలో చెప్పగల జవాబు కాదు గనుక ఈ నెల దీనినే తీసుకొనుచున్నాము.

మొదట ఈ పరికరం ఎట్లు పుట్టినదో చూడండి. 1929లో అమెరికాలోని బింగ్‌హాంటన్ పట్టణంలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు దీనిని తయారుచేశాడు. అతని తండ్రికి పియానోలు, ఆర్గన్‌లు చేసే కర్మాగారం ఉండేది. ఆర్గన్‌లో గాలి ఆడించే తిత్తులనే అతడు ఒక చిన్న చెక్క విమానం క్రింద అమర్చి, అది లేచునట్లు, ఒరుగునట్లు చేశాడు. మన హార్మోనియం తిత్తి ఎరిగినవారికి ఇందులో అర్థం కానిదేమీ లేదు. అయితే మొదట దానిని కొన్నవారు ఎక్కువగా వినోదశాలల వారే. 1934లో టపా మోసే పని అమెరికా సైన్యానికి అప్పగించగా, మేఘాలలో, మంచులో దిక్కు తెలియక కొద్ది వారాలలోనే పలువురు పైలట్లు చనిపోయారు. అప్పుడు సైన్యం అటువంటివే ఆరు కొన్నది. రెండవ ప్రపంచ యుద్ధం ముగియునప్పటికి పది వేలకు పైగా తయారైనవి. జనులు నాణెం వేసి ఎక్కి నవ్వుకొన్నదీ, సైనికులు ప్రాణం కాపాడుకొనుటకు నేర్చుకొన్నదీ ఒకే పెట్టె.

నేడు ఆ పెట్టె ఇంటి కంప్యూటర్‌లోనికి వచ్చినది. మైక్రోసాఫ్ట్ వారి ఫ్లైట్ సిమ్యులేటర్ 1982 నుండి ఉన్నది, ఎక్స్-ప్లేన్ అనునది మరొకటి. ఇవి డబ్బుకు కొనవలసినవి. ఫ్లైట్‌గేర్ అనునది మాత్రం ఉచితం. వీటిలో నేల, ఆకాశం, గాలి కార్యక్రమంతోనే వచ్చును. విమానాలను వేరెవరైనా తయారుచేసి దానికి జతచేయవచ్చు. వీటిని యాడ్-ఆన్‌లు అంటారు. పిల్లలు గంటల తరబడి కూర్చొనేది నడుపుటకు మాత్రమే కాదు, ఈ విమానాలను బాగుచేయుటకు కూడా.

ఫ్లైట్‌గేర్‌లోని సెస్నా 172-పి అనే చిన్న విమానాన్ని చూడండి. నలుగురు కూర్చొనేది, ఇంజను 160 హెచ్.పి. (మన బోరు మోటారు 5 హెచ్.పి. అయితే లెక్క చూచుకొనండి), నిండు బరువు 1,089 కిలోలు. స్వచ్ఛందంగా పనిచేసేవారు ఏండ్ల తరబడి దీనిని బాగుచేశారు. బాగుచేయుట అంటే సుఖంగా ఎగురునట్లు చేయుట అనుకొందుము. వారు చేసినది అందుకు వ్యతిరేకం! బయలుదేరక ముందు చక్రాల అడ్డుకట్టలు, కట్టిన తాళ్లు విప్పాలి, నూనె మట్టం చూడాలి, పెట్రోలులో నీరు చేరినదేమో కొంచెం వంచి పరీక్షించాలి. కార్బురేటర్‌లో మంచు పట్టే ఏర్పాటు కూడా చేశారు.

ఈ మంచు సంగతి కొంచెం చెప్పాలి. మట్టికుండలో నీరు ఎందుకు చల్లబడును? పైకి ఊరిన తడి ఆవిరైపోవుచు వేడిని లాగుకొనును గనుక. కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరైనప్పుడు అదే జరుగును. అందుచేత బయట 20 డిగ్రీల వేడి ఉన్నా, గాలిలో తేమ ఉంటే లోపల మంచు పట్టి ఇంజను ఊపిరి సన్నగిల్లును. పైలట్ ఒక పిడి లాగి వేడిగాలి పంపాలి. పంపగానే కరిగిన నీరు లోపలికి పోయి ఇంజను మరింత దగ్గును. తెలియనివాడు భయపడి పిడిని తిరిగి లోపలికి నెట్టివేయును. తెలిసినవాడు ఓర్చుకొని ఉండును. కొద్దిసేపటికి ఇంజను తేరుకొనును. ఈ ఓర్పును ఇంటిలో, ఎవరి ప్రాణానికీ ముప్పు లేకుండ నేర్చుకొనవచ్చు. ఇది చిన్న మేలు కాదు.

అయితే అసలు పరీక్ష మరొకచోట ఉన్నది. ఈ విమానం నడత అంతయు అక్షరాలలో చదువదగిన ఫైళ్లలో వ్రాసి ఉండును. ఎవరైనా తెరచి అంకెలు మార్చవచ్చు. మే నెల మధ్యాహ్నం మన పిల్లవాడు బేగంపేటనుండి నలుగురు మనుష్యుల బరువుతో లేచినాడనుకొనండి. తయారీదారుల పుస్తకంలో నిమిషానికి 700 అడుగులు ఎక్కును అని ఉన్నది. తెరమీద అంత ఎక్కుటలేదు. ఫైలు తప్పు అనుకొని ఇంజను బలం పెంచివేయును. ఇక విమానం చక్కగా ఎక్కును, వాడు సంతోషించును. కాని పుస్తకంలోని 700 సముద్రమట్టం వద్ద, 15 డిగ్రీల వేడిలో లెక్క. బేగంపేట 1,740 అడుగుల ఎత్తు, ఆ దినపు వేడి నలభై. పలుచబడిన గాలిలో నిజమైన విమానమూ ఈడ్చుకొనే పోవును. ఫైలు నిజమే చెప్పినది, దానిచేత అబద్ధం చెప్పించినది వాడే. పైలట్లు వేసవిలో మొట్టమొదట భయపడవలసిన సంగతినే చెరిపివేసుకొన్నాడు.

సరియైన పద్ధతి ఓపిక గలది. పాత ఫైలు నకలు దాచుకొనాలి. వాతావరణం పుస్తకంలో చెప్పినట్లు పెట్టి, బరువు పుస్తకంలో ఉన్నంతే పెట్టి, ఎక్కే వేగం, సాగే వేగం, రెక్క పట్టు తప్పే వేగం కాగితంమీద వ్రాసుకొనాలి. ఈ విమానం 8,000 అడుగుల ఎత్తున గంటకు 222 కిలోమీటర్లు పోవాలి. ఫ్లాప్‌లు దించకుంటే సుమారు 94 దగ్గర పట్టు తప్పాలి. తేడా కనబడితే ఒక్క అంకె మార్చి మరల ఎగిరి చూడాలి, రెండు మార్చితే ఏది పనిచేసినదో తెలియదు. లేచునప్పుడు ముక్కు ఎడమకు లాగుచున్నదని విసుగుకొని దానిని తీసివేసేవారున్నారు. అది లోపం కాదు. ప్రొపెల్లరు తిరుగుడువలన నిజమైన విమానమూ అట్లే లాగును, కుడికాలితో తొక్కిపట్టుట నేర్చుకొనాలి.

ఉచితం అన్నంతమాత్రాన యజమాని లేనిది కాదు. ఫ్లైట్‌గేర్ విమానాలను సాధారణంగా మార్చి పంచుకొనవచ్చు, అయితే మొదట చేసినవారి పేర్లు ఉంచాలి. వేరే యాడ్-ఆన్‌లకు వేరే షరతులుండును, వాటితో వచ్చే కాగితం చదవాలి. అమ్మకపు విమానాన్ని దొంగ నకలు తీసుకొని "నేర్చుకొనుటకే గదా" అనుట మేము ఒప్పుకొనము.

తల్లిదండ్రులారా, ఒక సంగతి స్పష్టంగా ఎరుగుడి. మన దేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు నిజంగా ఎగరాలి, వైద్య పరీక్ష నెగ్గాలి, లక్షల ఖర్చు. బల్లమీద గడిపిన గంటలు ఒక్కటియు లెక్కకు రావు. శరీరానికి తెలిసే కుదుపు, చేతికి తగిలే బరువు ఇక్కడ లేవు. బయటకు చూడక గడియారాలనే చూచే అలవాటు పడును, దానిని మాన్పించుట శిక్షకులకు కష్టం. కొడుకైనా కూతురైనా ఈ మాట ముందే చెప్పి, అటుతరువాత కూర్చొననివ్వండి.

మీ బిడ్డ ఆడుచున్నాడో నేర్చుకొనుచున్నాడో తెలియాలంటే ప్రక్కన కుర్చీ వేసుకొనండి. 3,000 అడుగుల ఎత్తున ఇంజను ఆపివేయుమనండి. ఆ ఎత్తునుండి గాలి లేనప్పుడు సుమారు ఎనిమిది కిలోమీటర్లు జారుకొనుచు పోవచ్చు, వేగం 65 నాట్ల దగ్గర, అనగా గంటకు 120 కిలోమీటర్ల దగ్గర నిలుపగలిగితేనే. కంగారుపడి ముక్కు పైకి లాగుచున్నాడా, లేక ముందు వేగం సరిచేసుకొని, దిగుటకు పొలం వెదకి, పెట్రోలు మీట చూచి, ఆ తరువాత రేడియో అందుకొనుచున్నాడా? మధ్యలో మీరేదైనా అడిగితే "ఆగమ్మా, దిగినాక చెబుతాను" అంటే, కోపగించుకొనకండి.