మాడిన దీపం, మరచిన పాఠం

క్రిస్మసు పండుగ వచ్చినదంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో చర్చి గోపురాలకు, ఇండ్ల చూరులకు రంగుదీపాల దండలు అమరుతవి. ఈ దండలకు మతభేదం లేదు. విజయనగరాన పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి కట్టేవి, దీపావళికి కట్టేవి, సంక్రాంతికి కట్టేవి ఈ జాతివే. మన ప్రజలు వీటికి పెట్టుకున్న పేరు సీరియల్ సెట్టు. ఏడాదిపాటు అటకమీద పడి ఉన్న సెట్టును దింపి ప్లగ్గు పెట్టి చూస్తే, ఒక్కొక్కప్పుడు అది వెలగదు. వెంటనే దానిని చెత్తలో వేసి బజారునుండి మరొకటి తెచ్చుకోవడం నేడు ఇంటింటి ఆచారమైనది. ఈ ఆచారం మన చదువులోని ఒక లోపాన్ని బయటపెడుతున్నదని నా అభిప్రాయం.

ఆ పేరునే చూడండి. విద్యుత్తు నేర్చినవారు ‘సిరీస్’ అన్నదానిని జనులు ‘సీరియల్’ అన్నారు. ఉన్నత పాఠశాల పుస్తకం ‘శ్రేణి సంధానం’ అన్నది. మూడు మాటలకును అర్థమొక్కటే. కాని శ్రేణి సంధానానికి నిర్వచనం వ్రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, తన ఇంటి చూరుకు వేలాడేది అదేనని ఎరుగడు. మాట పుస్తకంలో ఉన్నది, వస్తువు ఇంటిలో ఉన్నది. రెంటికిని పరిచయం లేదు.

ఎడిసన్ సహచరుడైన ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్కులోని తన ఇంట క్రిస్మసు చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల బల్బులు 80 కట్టి వెలిగించినాడు. నాటి వింత నేడు మన పల్లెల పందిళ్లలోనికి వచ్చినది. మన ఇండ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు. ఆరు వోల్టుల చిన్న బల్బును నేరుగా దానికి తగిలిస్తే క్షణంలో మాడిపోతుంది. అటువంటివి 40 వరుసగా కూర్చితే ఒక్కొక్కదాని వంతు ఆరు వోల్టులకు లోపుగానే ఉంటుంది. విద్యుత్తు ఒకే దారిన బల్బునుండి బల్బునకు పోతుంది. ఒక్క ఫిలమెంటు తెగినదా, దారి తెగినట్లే. తక్కిన 39 దీపాలు చక్కగా ఉండియు చీకటిలో నిలుస్తవి. ఒక్కదాని దోషానికి ఈ 39 దీపాలనూ మనం చెత్తలో వేస్తున్నాము.

ఆ ఒక్కదానిని పట్టుకోవడం గొప్ప విద్య కాదు. ప్లగ్గును గోడనుండి ఊడదీసిన పిమ్మటనే దండమీద చేయి వేయవలెను. ముందుగా తీగ ఎక్కడైనా తెగినదా, బల్బు కాళ్లు హోల్డరులో వదులైనవా అని చూడవలెను. మన తీరగ్రామాలలో ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. అవి ఏవియు కానప్పుడు దండను సగానికి విభజించి, మల్టీమీటరుతో ఏ సగంలో దారి తెగినదో కనిపెట్టి, ఆ సగాన్ని మరల సగం చేస్తూ పోవలెను. 40 బల్బులలో మాడినది ఒక్కటే అయితే ఆరు పరీక్షలకు మించి అక్కరలేదు. ఇప్పుడు బజారులో ఎక్కువగా ఉన్న ఎల్‌ఈడీ దండలు చాలావాటిలో కొన్నికొన్ని దీపాలను శ్రేణులుగా కూర్చి, ఆ శ్రేణులను సమాంతరంగా కలుపుతారు. అందుచేత ఒకటి పోతే దండలో ఒక భాగమే ఆరుతుంది. దోషం ఎక్కడ ఉన్నదో ఆరిన భాగమే చెప్పుతున్నది.

మాడిన బల్బును కత్తిరించి తీగలు ముడివేసే అడ్డదారి ఒకటి ఉన్నది. అది తగదు. ఐదారు బల్బులు అట్లా తీసివేస్తే వాటి భారం మిగిలినవాటిపై పడుతుంది. అవి కొంతకాలం ఎక్కువగా ప్రకాశించి, త్వరగా మాడుతవి. ఖాళీ అయిన ఉద్యోగాన్ని నింపక, ఆ పనిని ఉన్న ఉపాధ్యాయులకే పంచిపెట్టిన పాఠశాల గతియు ఇట్టిదే. పైగా కప్పులేని ఆ ముడి ఇనుప కిటికీకి తగిలితే ప్రాణాలకే ముప్పు.

బాగుచేసే శ్రమకంటె కొత్తది చౌక కాదా అని కొందరంటారు. డబ్బు లెక్కలో అది నిజమే కావచ్చును. కాని చౌకదనం మనకు ఆలోచించే పని తప్పిస్తున్నది. వెలగని వస్తువును చూచి ‘ఎందుకు?’ అని అడగని పిల్లవాడు, అర్థంకాని పద్యాన్ని చూచియు అడగడు. దానిని బట్టీపట్టి ఊరుకుంటాడు.

శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై ఉండి, సవరల భాషను స్వయంగా నేర్చి, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించినారు. చదువు జీవితానికి దూరం కారాదన్నది వారి బ్రతుకు చెప్పే పాఠం. అది భాషకు మాత్రమే కాదు, భౌతికశాస్త్రానికిని వర్తిస్తుంది.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. ఏటా డిసెంబరులో ఒక్క గంట ఇందుకు కేటాయించండి. పిల్లలను ఇంటి విద్యుత్తు జోలికి పోనీయవద్దు. కొన్ని టార్చి సెల్లులు, మూడు చిన్న బల్బులు, కొంత తీగ చాలును. వరుసగా కలిపి ఒకటి తీయండి, అన్నియు ఆరుతవి. సమాంతరంగా కలిపి ఒకటి తీయండి. రెండు వెలుగుతూనే ఉంటవి. వంటింటి దీపం మాడినా వసారా దీపం ఎందుకు ఆరలేదో అప్పుడు పిల్లలే చెప్పుతారు. తరువాత పాత సెట్టు ఒకటి, ఏ విద్యుత్తును తగిలించకుండా, వారి ముందు ఉంచి మాడినదానిని వెదకమనండి. దోషం ఒక్కచోట ఉన్నప్పుడు మొత్తాన్ని పారవేయరాదన్న తెలివి వారికి దానితోనే అబ్బుతుంది. అది దీపాలకే కాదు, మనుషులకును పనికివచ్చే తెలివి.