నాట్యం చేసే అమ్మాయికి తుంటి నొప్పా?

ఎముకలు ‘టక్’మనిపించి నొప్పి మాయం చేసే వీడియోలు ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ కనిపిస్తున్నాయి. కూచిపూడో, భరతనాట్యమో నేర్చుకునే మీ అమ్మాయి గజ్జల్లో నొప్పంటే వెంటనే అలాంటి చోటికి పరుగెత్తకండి.

అరమండిలో మోకాళ్లు పక్కలకు ఎంత తెరుచుకుంటాయన్నది చాలావరకు తుంటి కీలు నిర్మాణాన్ని బట్టే ఉంటుంది. ఫిజియోథెరపిస్టు చేతులతో చేసే మాన్యువల్ థెరపీ బిగుసుకున్న కండరాలను వదులు చేసి కొంత ఉపశమనం ఇస్తుంది. ఎముక ఆకారాన్ని మాత్రం మార్చలేదు. పిరుదుల, పొట్ట కండరాలను బలపరిచే వ్యాయామాలు తోడైతేనే ఆ మేలు నిలుస్తుంది.

కుంటుతున్నా, రాత్రిళ్లు నొప్పి వస్తున్నా, కాలు మోపలేకపోయినా ముందు ఎముకల డాక్టరుకు చూపించండి. ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. అది తొలిరోజుల్లో ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు. ఎమ్మారై అవసరం కావచ్చు. అప్పుడు కాలు లాగి తిప్పితే ముప్పే.

ఆరంగేట్రం వాయిదా పడితే మళ్లీ పెట్టుకోవచ్చు. తుంటి దెబ్బతింటే నాట్యమే దూరం కావచ్చు.